టిఫిన్లు మారిన రోజు

పక్కింటి మగ్గం ఇంకా లేవకముందే
కొత్తవాడల మా వంటింట్ల లైటు పడ్తది.
లక్ష్మీపురం మార్కెట్ల నిన్న బేరమాడి తెచ్చిన బీరకాయను
ఇయ్యాళ పేరు మార్చి వండాలె.

రెండేండ్ల సంది ఇదే యవ్వారం.
క్యారెట్టును చపాతిల దాచిన.
పాలకూరను దోశపిండిల కలిపి
"డైనోసార్లు ఇదే తింటయి బిడ్డా" అన్న.
ఆనిగెపుకాయను తెల్లగ, సదరంగ కోసి
పనీరని నమ్మిచ్చిన.
ఒక్క పూట నమ్మిండు.
మరునాడు మూత తీయకుండనే పట్టేసిండు అక్షిత్.
వానిది పోలీసు ముక్కు.

సాయంత్రం టిఫిన్ తిరిగొస్తది.
అన్నం పోయి కూర మిగిలిన గిన్నె,
నాకు రాసిన జాబు లెక్క.
ఒకసారి వారమంత తళతళ ఖాళీ వచ్చింది.
పొంగిపోయి వాళ్ల నాయినకు ఫోన్ గూడ చేసిన.
శనివారం ఆటో యాకూబు నవ్వుకుంట చెప్పిండు:
"అక్కా, సీటు కింద బెండతోట మొలుస్తుంది."

తిట్టిన. బతిమాలిన.
ఎంజీఎంల ఓపీ చిట్టీలు రాసే కిటికీకాడ కూసుంట నేను,
"ఆ లైన్ల నిలబడేటోళ్లను జూడు, కూరగాయలు తినకుంటె గట్లనే" అని
బెదిరిచ్చిన గూడ.
అది అనకుండ ఉండాల్సింది.
ఆ రాత్రి "నాకు సూదేస్తరా" అని అడిగి అడిగి పండుకున్నడు.

మా టిఫిన్లు రెండు ఒక్క తీర్గుంటయి.
చిన్నమ్మ ఇల్లు జొచ్చిన్నాడు పంచినయి,
రెంటి మీద ఆమె పేరే చెక్కి ఉంటది.
మొన్న బేస్తారం, కరెంటు పోయిన గడబిడల
వాని సంచిల నాది పడ్డది, నా సంచిల వానిది.

పన్నెండున్నరకు కిటికీ దించి
సారక్క పక్కన కూసొని మూత తీసిన.
చుక్కల లెక్క ముద్దుగ కోసిన బీరకాయ ముక్కలు
నీళ్లు కారి, అన్నాన్ని తడిపి
నల్లబడి పండుకున్నయి.
ఒకటి నోట్ల పెట్టుకున్న.
ఉప్పు లేదు.
కారం లేదు. పిల్లగాడని అన్ని నేనే తగ్గిచ్చిన.
మూతకు పట్టిన చెమట మళ్ల కూరలనే పడి
ఉక్క వాసన.
రెండేండ్లల ఒక్కనాడు చల్లారినంక రుచి జూడలే నేను.
"ఏందే, చేదా?" అన్నది సారక్క.
చేదన్నా బాగుండు, ఏదో ఒకటి ఉండేది.

అప్పుడు యాదికొచ్చింది, నా టిఫిన్ల ఏముందో.
అన్నం, మామిడికాయ తొక్కు.
రోజూ గంతే.
కూర వానికి పెట్టి, అడుగుది ఆయనకేసి
గిన్నె కడిగేస్త.

సాయంత్రం వాడు ఆటో దిగిండు
కబడ్డీ గెలిచొచ్చినట్టు.
మూతి చుట్టు ఎర్రగ నూనె.
"అమ్మా, నీ టిఫిన్ మస్తుంది!
మరి నీ దాంట్ల కూరేది?"

తొమ్మిదేండ్ల వకీలు.
నేను వాని బూట్ల తాళ్లిప్పుకుంట కూసున్న,
ముడి లేని కాడ గూడ.
"నీకు కండ్లు మంచిగ కావద్దా?"

శుక్రారం పొద్దుగాల బీరకాయ ముట్టలే.
చిక్కుడుకాయ వాడే తుంచిండు, సగం పీచు అట్లనే ఉంచి.
నీళ్లు ఇగిరేదాక పొయ్యికాడ ఆగిన,
కారం పడనిచ్చిన, నువ్వుల పొడి చల్లిన.
చల్లారినంక, అవును, చల్లారినంకనే
ఇద్దరం చెరో ముక్క నోట్లేసుకున్నం.
వాడు మూతి వంకర పెట్టి, సార్ల లెక్క,
"పదికి నాలుగు" అన్నడు.
నేను ఆరేసుకున్న.
రెండు టిఫిన్లు ఒక్క తీర్గ నింపినం:
ఇటు చిక్కుడు, అటు వేలెడంత తొక్కు.

సాయంత్రం వాని గిన్నెల ఏడు ముక్కలు మిగిలినయి.
నా దాంట్ల రెండు.
వాడు రెండు గిన్నెలు పక్కపక్కన పెట్టి లెక్కబెట్టి
నా దిక్కు జూసిండు.

నా రెండు నిలబడే తిన్న.
వాడు తన ఏడింటిని
మళ్ల మొదటి నుంచి లెక్కబెట్టుడు మొదలుపెట్టిండు.