పన్నెండో పెట్టె

సోహార్‌ల మౌజా టీచరమ్మ ఇల్లు.
కొత్త గది, సిమెంటు వాసన ఇంక పోలే.
టేపు కొన నా చేతికిచ్చి
భోజన్న నన్ను మూలకు నిలవెట్టిండు.
పొడుగు నాలుగు మీటర్ల నలభై,
అడ్డం మూడున్నర.
"అటు దిక్కు గూడ పట్టు" అన్నడు.
అటు దిక్కు రెండు వేళ్లు తక్కువొచ్చింది.
"కట్టినోడు నిద్రల కట్టిండు."

అట్టముక్క మీద పెన్సిల్ లెక్క:
గది పదిహేను మీటర్ల చిల్లర,
పెట్టెకు నాలుగు బండలు,
మీటరున్నరకు జర తక్కువ.
కోతలకు, పగుళ్లకు,
నా అసొంటి కొత్తోని చేతులకు
నూటికి పది.
"పన్నెండు పెట్టెలు, మేడం."

ఆమె ఫోన్ల భాగించుకున్నది.
పదిన్నర దాటింది, పదకొండు బస్, ఖలాస్.
భోజన్న అరబ్బీకి పందొమ్మిదేండ్లు.
బండ కోస్తే మిగిలిన పేలిక
ఇంకో మూలకు అతుకదని చెప్పొచ్చు.
మెట్‌పల్లిల షాబాదు బండలు పరిచిన కాలం నుంచి
ఎన్ని గదులు ఆఖరి బండ కాడ ఆగినయో చెప్పొచ్చు.
"విప్పని పెట్టె దుకాణపోడు వాపసు తీసుకుంటడు"
అన్నడు, అంతే.
ఆమె నవ్వింది. పదకొండే కొన్నది.

పదకొండు నాలుగులు నలభై నాలుగు.
నిండు బండలు ముప్పై అయిదు,
కిటికీ దిక్కు కోసినయి ఏడు,
పక్క పట్టీకి రెండు.
సరిగ్గ సరి.
ఒక్కటి గూడ ఎక్కువ లేదు
నా చేతుల జారెటందుకు.

జారింది.

దుకాణంల అదే పేరు, అదే కొలత,
పెట్టె మీద అంకె మాత్రం వేరు.
తెచ్చి పక్కన పెడితే
పాలల్ల ఒక చుక్క చాయ పడ్డట్టున్నది.
భోజన్న రసమట్టం పెట్టి, రబ్బరు సుత్తెతోటి
మెల్లగ తట్టి తట్టి
తలుపు ఎనుక కూసోవెట్టిండు దాన్ని.
తలుపు తీసి ఉన్నంతసేపు ఎవ్వలకూ కనవడది.
టీచరమ్మ చూసిందో లేదో,
ఖర్జూరాలు పంపింది, ఖావా పంపింది.

రాత్రి క్యాంపుల నిద్ర పట్టక
టేపు గుంజిన.
మా గది గూడ అటిటుగ అంతే.
ఎనిమిది మందిమి.
మనిషికి అయిదున్నర బండలు.
"బియ్యం సంచి లెక్కల తీసుకున్నవా?"
పై మంచం మీంచి భోజన్న.
"చెప్పులు? కూలరు?"
"లేదన్నా."
"మరి తక్కువైతది పో" అని
గోడ దిక్కు తిరిగి పండుకున్నడు.

శుక్రారం నాడు మూట విప్పిండు.
కిటికీ దిక్కు కోతలల్ల మిగిలిన ఏడు పేలికలు,
బెత్తెడంత వెడల్పు,
పారేస్తడనుకున్నయి.
నల్లా కింద బురదల ఇసుక పోసి, సిమెంటు కలిపి
ఒక్కొక్కటే పరిచిండు.
నడుమ సందు మిగిలింది.
దేనికీ కొలువలే, దేన్నీ కొయ్యలే,
నేను పగులగొట్టిన బండ ముక్కలు మూడు
చేతులకు తీసుకొని
అటు తిప్పి ఇటు తిప్పి
ఇమిడిచ్చిండు.

పొద్దుగాల నాలుగింటికి
బస్సు హారనుకు ముందు
ఎనిమిది మందిమి వరుసల నిలవడి
కాళ్లు కడుగుతం.
నా మడిమకు ఆ పగులు
సల్లగ తాకుతది.