ట్యాంకు మూత

మా అయ్య పోయాక పొలం మూడు చెక్కలైంది.
ఇంజనుని చెక్కలు చెయ్యలేం కదా,
వారానికి రెండ్రోజులు తవిటన్నది,
రెండ్రోజులు నాది, రెండు చిన్నోడిది.
ఆదివారం ఎవరిదీ కాదు.
ఆ రోజే చెడిపోయిందని
ముగ్గురం ఒకే మాట చెప్పుకున్నాం.

పది నిమిషాలు బాగానే తిరుగుతుంది.
సువర్ణముఖి పైపు నోట్లోంచి తెల్లగా దూకి
మొక్కజొన్నలో మూడో సాలు దాకా నడుస్తుంది.
అక్కడ డగడగ కాస్తా
డగ్...
డగ్...
చెప్పబోయిన మాట మరిచిపోయిన ముసలాడిలా.

డీజిలు అయిపోయిందేమోనని మూత తీసి చూస్తాను.
సగం పైనే ఉంటుంది.
మూత బిగించి, పైపులో గాలి తీసి,
భుజం ఊడేలా హేండిల్ తిప్పుతాను.
మళ్లీ పది నిమిషాలు.

రాజాం నుంచి గవరయ్య వచ్చాడు.
నాజిల్ ఊడదీశాడు, ఫిల్టరు మార్చాడు,
పన్నెండొందలు పట్టుకెళ్లాడు.
మూడో సాలు దగ్గర ఇంజను
గవరయ్య ఎవరో తనకి తెలీనట్టు ఆగింది.

'నీ వంతులోనే పాడైపోనాది' అన్నాడు అన్న.
'నీళ్ల డీజిలు పోసినోడివి నువ్వే' అన్నాను.
ఆ మధ్యాన్నం ఒక్కో బోల్టు విప్పుతుంటే
ఒక్కో పాత సంగతి ఊడి పడింది:
అయ్య ఆసుపత్రి ఖర్చు,
తెల్లెద్దుని అమ్మిన డబ్బు,
ఎవరి పెళ్లిలోనో ఎవరో తినకుండా లేచిపోవడం.
పదిహేడో నంబరు పానా కనబడక
చిన్నోడు ఏడుపు గొంతుతో అందర్నీ తిట్టాడు.

వదిన చిన్నమ్మడు క్యారేజీ దింపి
గట్టు మీద కూర్చుంది.
ఇంజను ఆగడం చూసింది. నేను మూత తీయడం చూసింది.
'మూత తీసినప్పుడల్లా అది ఊపిరి పీలస్తంది,
మీ ముగ్గురికీ ఇనబళ్లేదేటి?'

ఈసారి మాటలు ఆపి, తీశాను.
స్స్స్...
నీళ్లడుగున దాక్కుని తేలిన గుంటడు
పీల్చుకున్నట్టు.

మూత నడినెత్తిన బియ్యపు గింజంత బెజ్జం.
దాన్ని కందిరీగ మట్టితో మూసేసింది,
తాపీమేస్త్రీ కూడా అంత నున్నగా పూయడు.
వదిన గాజుకున్న పిన్నీసు తీసి
రెండు పోట్లు పొడిచి
చెయ్యి చీరకి తుడుచుకుని
'అన్నాలు చల్లారిపోతన్నాయి' అంది.

మూడో సాలు దాటింది.
నాలుగు. తొమ్మిది. లెక్క మానేశాం.
పన్నెండొందల్లో తన వంతు ఇస్తానని
అన్న జేబు తడిమి, బీడీ తీసి నా వైపు చాపాడు.

ఆ రోజు ఆదివారం.
నీళ్లు ఎవరి చెక్కలోకి పోతున్నాయో
ఎవరం చూడలేదు.
ఎక్కువసేపు కాదులెండి,
డీజిలు అయ్యేదాకా.