ఎవరికి ఏ పెట్టె

రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించడం నా ఉద్యోగం.
స్కూటీ ముందు ఐసుపెట్టె, దాన్నిండా శాంపిలు సీసాలు.
వెనక సంచిలో ఆటలు,
జీతంలోంచి రెండు నెలలకొకటి చొప్పున కొనుక్కున్నవి.
"ఇన్నేసి డబ్బులెట్టి అట్టముక్కలేటండీ" అంటాడు
పార్సిలు తెచ్చే కుర్రాడు.

చెరువుకి ఉప్పెంతుందో చూసినట్టే
మూత తీసేముందు మనుషుల్నీ చూడాలి.

భీమవరంలో మా ఓనరు వర్ధనరాజుగారి బల్ల దగ్గర
బేరాలాట పరచి ఒకసారి నవ్వులపాలయ్యాను.
పొద్దుట్నుంచీ గట్టు మీద వాళ్ళాడేది అదే,
కౌంటుకీ రేటుకీ మధ్య.
పదమూడు ముక్కలకి అలవాటుపడ్డ వేళ్ళవి, ఊరుకోవు.
ఈసారి ఒకే ఒక్క షరతున్న ఆట ఇచ్చాను:
అంకెలు చిన్న నుంచి పెద్దకి అందరూ కలిసి దింపాలి,
నోరు విప్పకూడదు.
ఐదు నిమిషాలు కాలేదు, తగువు.
"దగ్గావు నువ్వు!"
"దగ్గితే మాటాడినట్టేనా?"
అందరూ నావైపు తిరిగారు.
రూల్సు పుస్తకం రెండుసార్లు తిప్పాను.
దగ్గు గురించి ఏమీ లేదు.

కాళ్ళ దగ్గర చెరువు కాపలా అబ్బులుది ఇంకో లెక్క.
గాలికి ముక్కలు ఆగవు, ఏరేటర్ల హోరులో మాట వినపడదు.
మధ్యలో లేచెళ్ళి మేత చల్లి రావాలి,
వచ్చాక వంతు ఎవరిదో తెలియాలి.
బరువైన పలకల ఆట తీశాను, ఇద్దరికి సరిపోయేది.
మూడో రాత్రికి గాని గమనించలేదు
అతను పలకల మీద రాత చూడడు, రంగే చూస్తాడని.
అప్పట్నుంచి రాతలున్న పెట్టెలు
ఆ గట్టుకి తీసికెళ్ళలేదు.
ఇద్దరం దాని గురించి మాట్లాడుకోనూ లేదు.

నరసాపురంలో లేసు అల్లే ఆడవాళ్ళకి
గుడ్డముక్కలు జతచేసే ఆట బాగుంటుందనుకున్నాను.
చిత్తుగా ఓడించారు నన్ను.
ఆనక మార్తమ్మ కుట్టుసూది జడలో గుచ్చుకుని
"ఇది మాకు పనేనమ్మా, ఆటెక్కడిది?
అబద్ధాలాడేది ఉంటే తే" అంది.
తెచ్చాను.
ఆవిడ చేతిలో లేని రాజుని ఉన్నాడంటే
నేను మూడుసార్లు నమ్మాను.
"మా పాస్టరుగారికి చెప్పకే" అంది, నాణేలు దగ్గరికి లాక్కుంటూ.

దాంతో నాకో నియమం ఏర్పడింది:
బతుకులో ఉన్నదే బల్ల మీద పెట్టకూడదని.

ధవళేశ్వరంలో మూడో హెచ్చరిక ఎగరేసిన వారం
లంకలవాళ్ళని హైస్కూల్లో దింపారు.
పిల్లలకని తేలికవి ఏరి, సంచి సర్దుకుని వెళ్ళాను.
టెన్తు బి సెక్షన్లో చాప మీద బోర్లిస్తే
అడుగున్నించి అదొచ్చింది, మునిగిపోయే దీవి ఆట.
కాలితో వెనక్కి నెట్టాను.
సత్యవేణమ్మ చూడనే చూసింది.
"అదేటి, లంకా?"
చెప్పక తప్పలేదు:
ముక్క తర్వాత ముక్క మునుగుతుంది,
అందరూ కలిసి నిధులు పట్టుకుని బైటపడాలి.
ఎవరూ ఏమీ అనలేదు.
బయట జనరేటరు దగ్గుతోంది.
"ఏదీ, పరు" అంది.

పరిచాక ఒక్కో నిధి బొమ్మా తీసి అవతల పెట్టింది.
"ఇయ్యెవడిక్కావాలి, గేదేదీ?"
ఎవరో చింతగింజ ఇచ్చారు.
సుద్దముక్క పట్టాదారు పుస్తకం.
చొక్కా గుండీ, మంచంలోంచి లేవలేని పెద్దాయన.
మొదటి ఆట ఓడిపోయారు.
రెండోదీ.
"పడవ ముందు ఉత్తరపు గట్టుకి రావాలెహె,
మొన్న చేసిన తప్పే చేత్తన్నారు" అని అరిచాడొకాయన,
నిజం పడవ గురించో ఆట పడవ గురించో తెలియలేదు.
మూడోసారి సెల్‌ఫోను వెలుగులో
మనుషులంతా ఒడ్డెక్కారు. గుండీ కూడా.
గింజ మునిగింది.

సత్యవేణమ్మ మునిగిన ముక్కలన్నీ తిరగేస్తూ
"మళ్ళీ" అంది.

ఆ గింజ ఇంకా పెట్టెలోనే ఉంది.
మొన్న రాజుగారి బల్ల మీద మూత తీస్తే
ఇదేమిటని అడిగారు.
గేదె అన్నాను.
రూల్సులో ఎక్కడుందని ఎవరూ అడగలేదు.