ఎడమ వెనక చక్రం

మొదట విన్నది నేను కాదు, మంగతాయారు గారు.
మంగళ, గురు, శనివారాలు
రాజోలు నుంచి అమలాపురం డయాలసిస్‌కి
నా ఇండికాలో వెనక సీటు ఆవిడది.
వెళ్లేటప్పుడు కూర్చుంటుంది,
వచ్చేటప్పుడు పడుకుంటుంది,
తల ఎడమ తలుపు వైపు,
చెవి సరిగ్గా చక్రం మీద.

"ఒరే బుల్లబ్బాయ్,
నా తల కింద ఎవరో తిరగలి తిప్పుతున్నార్రా."

రోడ్డండి, అన్నాను.
గోతులండి, టైరు కొత్తదండి, గాలండి.
నా తప్పు కానివన్నీ వరసపెట్టి చెప్పాను.
ఆవిడ నా మాట వినలేదు,
చక్రం మాటే వింటోంది.
ముప్ఫయ్యేళ్లు పిండిమిల్లు నడిపిన మనిషి,
రాయి అరిగితే
బెల్టు ఆపకుండానే చెప్పేసేదట.

బోడసకుర్రు వంతెన ఎక్కాం.
కింద వైనతేయ, పోటు మీదుంది.
చక్రాల కింద నున్నటి సిమెంటు.
టైర్ల రొద సన్నబడింది,
ఇది మాత్రం అలాగే ఉంది.

"రోడ్డు మారింది కదా, ఇదెందుకు మారలేదు?
గేరు తీసెయ్."
న్యూట్రల్‌లో జారనిచ్చాను.
ఇంజను ఊరుకుంది, మూలుగు ఊరుకోలేదు.
"కుడికి తిప్పినప్పుడు పెరుగుతోంది,
ఎడమకి తిప్పితే తగ్గుతోంది.
కుడికి తిరిగితే నేనిటు ఒరుగుతున్నాన్రా,
బండీ ఇటే ఒరుగుతుంది.
బరువు పడ్డ వైపే ఏడుపు.
ఈ చక్రమే."
సూదులు తీసిన చేతికి దూది అదిమిపెట్టుకుని
ఆవిడ చెప్పిన మాటలివి.
స్టీరింగ్ ఎప్పుడూ పట్టుకోలేదు.

తాటిపాకలో ఇస్రాయేలు షెడ్డు.
రిగ్గు దగ్గర జనరేటర్ల మధ్య పదేళ్లు చేసి
చెవులు అక్కడే వదిలేసి వచ్చాడు.
చప్పుడు గురించి చెప్పబోతే
చెయ్యి అడ్డం పెట్టాడు.
జాకీ ఎత్తాడు.
చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపాడు: టక్కు, టక్కు.
అది నాకు వినపడింది, అతనికి మణికట్టులో తెలిసింది.
తర్వాత చక్రం తిప్పి వదిలి
స్ప్రింగు మీద రెండు వేళ్లు ఆనించాడు,
నాడి చూసే వైద్యుడిలా కళ్లు మూసుకుని.
"ఇసక," అన్నాడు, గట్టిగా,
చెవిటివాళ్లు అనేటంత గట్టిగా.

డ్రమ్ము ఊడింది. గ్రీజు
పాలెక్కువైన టీ రంగులో ఉంది.
"ఏ నీళ్లలో దించావు?"

ఆగస్టు వరదలో, ఆయ్,
కనకాయలంక కాజ్‌వే మీద మోకాలి లోతులో,
ఎక్కువిస్తామన్న మూడొందల కోసం.
ఆ మూడొందలు ఎప్పుడో ఖర్చయిపోయాయి,
నీళ్లు మాత్రం లోపలే కాపరం పెట్టాయి.

గోరుతో గీసి చూపించాడు:
అద్దంలా ఉండాల్సిన ఉక్కు దారి
మశూచి మొహంలా ఉంది.
కొత్త బేరింగుని సుత్తితో కొట్టబోయిన కుర్రాణ్ణి
నెత్తి మీద ఒకటిచ్చాడు.
చుట్టుకొలత సరిపోయే పైపుముక్క వెతికి,
అంచు మీదే ఆనించి,
అరచేత్తో గ్రీజు కూరి,
నట్టు బిగించి, ఓ పిసరు వదిలాడు.
"మరీ బిగిస్తే కాలిపోద్ది,
వదిలేస్తే ఊగిపోద్ది.
ఆ పిసరుకే డబ్బులు."
పద్దెనిమిది వందలు తీసుకున్నాడు.

శనివారం, తిరుగు ప్రయాణం.
బండి నూనె రాసుకున్నట్టు పోతోంది.
వెనక నుంచి మాట లేదు.
అంబాజీపేట దాటాక కూడా లేదు.
వంతెన మీదా లేదు.
ఇన్నాళ్లూ ఆ మూలుగు వింటూ
ఆవిడ మేలుకుని ఉండేది,
ఆవిడ ఫిర్యాదు వింటూ
నేను ధైర్యంగా ఉండేవాణ్ణి.

అద్దంలో చూశాను.
చీర కొంగు, దూది, కదలని చెయ్యి.
ఏసీ తగ్గించి ఊపిరి కోసం వెతికాను,
బేరింగు బాగైన బండిలో
ఊపిరైనా వినపడాలి కదా.

పాశర్లపూడి దగ్గర ఓ గొయ్యి ఉంది,
నాకు బాగా తెలిసిన గొయ్యి,
రోజూ తప్పించేదే.
ఆ రోజు తప్పించలేదు.

"కళ్లు ఎక్కడ పెట్టుకుని నడుపుతున్నావురా సన్నాసీ,"
అంది మంగతాయారు గారు
కళ్లు తెరవకుండానే.

హమ్మయ్య.
థర్డ్ గేరు వేశాను.