ఈశాన్యం గోడ

చాకీ పురుగులు శుక్రవారం దిగతాయి.
ఆ లోపల ఈశాన్యం గోడకి రేకులు మార్చాల.

పోయిన కార్తీకంలో ఈ గోడని నమ్ముకొనే కదా
మూడో జ్వరం లేచిన పురుగులు
ఆకు ముట్టకుండా తలకాయలెత్తి
అట్టే ఉండిపోయినాయి.
రెండు కుంపట్లు పెట్టినాము, గోనెపట్టలు కట్టినాము.
బైరెడ్డిపల్లి మిట్ట మీద గాలికి
తుప్పు బొక్క ఒకటి చాలు,
ఇంట్లో పడుకున్నా
కయ్య గట్టున పడుకున్నట్టే.

పలమనేరులో రేకు అడుగు లెక్కన అమ్ముతారు.
"నీలం తీసుకోక్కా, మాసినా కనపడదు" అన్నాడు అంగడాయన.
చలికి రంగుతో ఏం పని?
అయినా నీలమే తెచ్చినాము.
ఆటో దాటి బయటికి పొడుచుకొచ్చిన రేకుల కొసకి
మా ఆయన తన ఎర్ర తువాలు కట్టి
దోవ పొడుగునా వెనక్కి తిరిగి చూస్తానే ఉన్నాడు.

గంగవరం నించి పీరాంసాబు వచ్చినాడు.
రేకు కత్తెర, సంచి నిండా స్క్రూలు,
ఒక్కోదానికి నల్ల రబ్బరు వాషరు.
పాత మేకులు ఒక పట్టాన రాలేదు.
"తుప్పు పట్టినాక చెక్కని ఇంత గెట్టిగా పట్టుకుంటాయా!" అని
వాటిని దిగ్గొట్టినోళ్ళని వరసపెట్టి తిట్టినాడు.
దిగ్గొట్టింది మా అత్త చెంగమ్మ అని
నేను చెప్పలేదు.

మొదటి రేకు ఊడి వెల్లకిలా పడింది.
నలభై ఏండ్ల మసి, దాని మీద సున్నం,
మళ్ళీ మసి, మళ్ళీ సున్నం.
సమ్మెట దెబ్బకి పెళ్ళలు రాలినాయి.
కింద ఎర్ర అక్షరాలు:
నేల 40 పైసలు.

మూడో రేకు మీద బెంచీ 75.
మా ఆయన గొంతుక్కూర్చుని చాలాసేపు చదివినాడు,
రెండే మాటలు.
అప్పుడు గుర్తుకొచ్చింది ఆయనకి,
టూరింగు టాకీసు ఎత్తేసి రేకులు వేలం వేస్తే
అమ్మ పడ్డదూడని అమ్మి కొనిందని,
పదకొండు రేకులూ నెత్తిన మోసిందని.
సినిమాకి పోతే కండ్లు పోతాయనేది ఆమె.
ఒక్కటీ చూడలేదు.
టిక్కెట్టు పక్కనే ముప్పై ఏండ్లు వండింది.

రేకులన్నీ దించినాక గంటసేపు
ఇంటికి ఒక పక్క లేదు.
నులకమంచం, తట్టల స్టాండు, దండెం మీద నా పాత రవికె
అన్నీ దోవకి కనపడతా ఉండాయి.
పాలక్యాను తీసుకొని పోతా పోతా
కదిరప్ప నిలబడి "ఏం సినిమా?" అన్నాడు.
పీరాంసాబు స్క్రూలు నోట్లో పెట్టుకొని నవ్వలేక అల్లాడినాడు.

ఒకటి మాత్రం ముందే చెప్పుంటే బాగుండు నేను.
పాత రేకుల్లో ఏడు మేకు బొక్కలుండేవి.
పొద్దు లేస్తే స్టాండు మీద ఏడు కాసులు,
మెల్లగా దిగతా దిగతా
మూడో తట్ట కాడికొస్తే ఆకు కోసే యాళ.
ఈ ఇంట్లో గడియారం కొన్నోళ్ళెవరూ లేరు.
"ఒక్క బొక్క వదిలెయ్ సాబూ."
"డబ్బులు గోడకిచ్చినావా, బొక్కకా తల్లీ?"
కడాపటి స్క్రూ కిర్రుమంటా దిగింది.

శుక్రవారం పురుగులొచ్చినాయి.
ఆ రాత్రే తుంపర.
కొత్త గోడ గాలిని లోపలికి రానియ్యలేదు,
కుంపటి ఒక్కటే చాలింది.
పురుగులు తలకాయలు దించి తింటా ఉండాయి.
నాకే నిద్ర పట్టలేదు,
తెల్లారిందో లేదో గోడ చెప్పదాయె.

పాత రేకులు మేకల దొడ్డికి కట్టినాము.
నేల టిక్కెట్టు బయటికి, బెంచీ లోపలికి.
ఇప్పుడు పొద్దున్నే చీపురు పట్టుకొని
దొడ్డి కాడికి పోయి చూసుకుంటా.
సూడిమేక వీపు మీద ఏడు కాసులు.
తోక దాకా వస్తే ఆకు కొయ్యాల.

అది కదిలిన దినం
పురుగులకి కూడు ఆలిస్యం.