ఇరవై మూడో సంచిక

బరంపురంలో ఇప్పుడా వీధిలో
సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టొకటి, పట్టుచీరల గోదాము ఒకటి.
నూట పదేళ్ల కిందట
ఆ గోదాము గోడల మధ్య
"బాహుదా వార్త" అనే వారపత్రిక
ఇరవై రెండు శుక్రవారాలు బతికింది.

నేను చూసింది ఒక్క కాగితం.
దేవాంగుల ఇంట్లో
పట్టుజోడు మడతలో అట్టముక్కగా:
సంచిక పదకొండు, వెల అర్ధణా.
మూడోవంతు చెదలు చదివేశాయి.

సంపాదకుడు మంథా పేరిశాస్త్రి,
మునసబు కోర్టు అరుగుమీద అర్జీలు రాసిన చెయ్యి.
పెట్టుబడి పట్టువర్తకుడు బల్ల గవరయ్యది.
చందాదారులు నూట నలభై ముగ్గురు,
డబ్బు కట్టినవాళ్లు యాభై ఒకరు.
తక్కినవాళ్లకి మొదటి పేజీలోనే
"మహారాజశ్రీ బాకీదారులకు నమస్కారములు."

అక్షరాలు కూర్చినవాడు బృందావన్ సాహు.
తెలుగు రాదు.
ఒడియా కూడా సంతకం మేరకే.
తిరగబడ్డ మా లిపిని
ఆకారాలుగా ఎరుగును:
ఇది జంతిక, ఇది గాలం, ఇది మూత తీసిన కుండ.
అర్థం తెలియదు గనకే అతని పేజీలో తప్పులుండవని
శాస్త్రి అనేవాడట.
అరలో "ళ"లు పన్నెండే.
పదమూడో చోట "ల" పడేది.
ఆ కాగితంలో చివరి నీళ్లు నీల్లే.

ఇరవై రెండోది దొరకలేదు.
అందులో రెండు వరసలు మాత్రం
ఛత్రపురం దస్త్రంలో ఇంగ్లీషు తర్జుమాగా మిగిలాయి.
మళ్లీ తెలుగులోకి నేనే తెచ్చుకున్నాను:
"హుమ్మా మడుల దగ్గర గుప్పెడు ఉప్పు గోకినందుకు
జాలరి స్త్రీని ఉప్పు జవాను బూటుకాలితో తన్నెను."
అంతే. విశేషణం ఒక్కటి లేదు.
పేరూ లేదు.

కలెక్టరు కాగితం వచ్చింది:
వెయ్యి రూపాయలు ధరావతు.
గవరయ్య లెక్కపుస్తకం మూశాడు.
శాస్త్రి మళ్లీ కోర్టు అరుగెక్కాడు.
ఇరవై మూడో సంచిక
కూర్చి, బిగించి, సిరా పూయకుండా
పదిరోజులు బల్లమీదే ఉంది.
అందులో ఏముందో
కూర్చినవాడికి తెలియదు.
రాసినవాడు చెప్పలేదు.

సీసం వీశెల లెక్కన అమ్మారు.
కొన్నది గోపాలపురం నుంచి వచ్చిన మా ముత్తాత
సూరాడ ఎర్రోడు, వల గుళ్ల కోసం.
కరగబోస్తుంటే ముత్తవ్వ అడిగిందట:
"ఇయన్నీ ఏటి, సీమల్లాగ?"
"మాటలంట."
"ఎవులివి?"
"ఏటో. ఓపాలి ఉప్పుకాడ మనోళ్ల ఊసు రాసినారంట."
ముత్తవ్వ నడుం పట్టుకుని లేచి
ఇంకో పిడికెడు మూకుట్లో వేసింది.

మా ఇంట్లో ఒక గుండు మిగిలింది.
ఒక పక్క కరగని వంపు.
"ళ" అని నేను, "శ" అని మా తమ్ముడు.
బృందావన్ అయితే ఏదో ఒక కుండ అనేవాడు.
మిగతావి, ఏటికిన్ని వలతాడు తెగి,
లైట్‌హౌసుకి ఎదురుగా
ఇసకలో ఉన్నాయి,
ఏ వరసా లేకుండా.