మాడిన అంచు

పెన్రిత్‌లో డిసెంబరు పొద్దు
మూడున్నరకే ముసుగు తన్ని పడుకుంటుంది.
వృద్ధాశ్రమం వంటగదిలో
నలభై మందికి సూపు తిప్పే గరిటెని పక్కన పెట్టి
ఒక్క మనిషి కోసం చిన్న గిన్నె దించాను.

తొమ్మిదో నంబరు గది, బర్కెట్ గారు.
ఎనభై నాలుగేళ్ళు.
ఆయన కార్డు మీద ఎర్రసిరా:
పాలు వద్దు, వెన్న వద్దు, గుడ్డు వద్దు,
ఆఖరికి తేనె కూడా వద్దు.
"జీవితమంతా పాడి చేసిన మనిషి,
ఇప్పుడు వీగనట" అని
మేనేజరు గిలియన్ కళ్ళు తిప్పుతుంది.
నాకెందుకు?
వద్దన్నవి తీసేసి ఉన్నవాటితో నెట్టుకురావడమేగా
ఇన్నాళ్ళూ నేను చేసిన వంట.

అవిసెగింజల పొడిలో మూడు చెంచాల నీళ్ళు.
పది నిమిషాలకి బెండకాయ జిగురులా సాగింది.
దీన్నే గుడ్డనుకోమన్నారు, అనుకున్నాను.
ఓట్స్ పాలలో వెనిగర్ వేస్తే
విరగడం చేతకాక
బిడియంగా కాస్త చిక్కబడ్డాయి.
నల్ల ట్రీకిల్ డబ్బా మూత తీయగానే
అడుగంటిన బెల్లప్పాకం వాసన.
అది గరిటెని వదలదు, గరిటె నన్ను వదలదు.
శొంఠి మాత్రం డబ్బాలోది నమ్మను, నేనే దంచుతాను.
నాలుగు లవంగాలు, దాల్చినచెక్క, 
జాజికాయ తురుముతుంటే
నా వేలి చర్మం కూడా రవ్వంత.
అది వీగన్ కాదు.
ఎవరికీ చెప్పకండి.

పిండి టిన్నులోకి జారింది,
టిన్ను ఓవెన్‌లోకి వెళ్ళింది.
వాసన ఏ సందుల్లోంచి పాకిందో,
నాలుగుకాళ్ళ ఊతం టకటకలాడించుకుంటూ
బర్కెట్ గారే వచ్చి స్టూలు మీద కూర్చున్నారు.

అడగకూడదని ఉంది, అడిగేశాను.

"రెండువేల ఒకటి" అన్నారు.
"పక్కవాళ్ళ పొలంలో వచ్చింది ఆ రోగం.
మా వాటిలో ఒక్కదాని నోటా నురగ లేదు.
అయినా లెక్క లెక్కే అన్నారు.
నూట పన్నెండు."
ఆ రోగానికి నా భాషలో మాట వెతుక్కున్నాను,
గాలికుంటు.
గాలి అని మొదలై ఎంత తేలిగ్గా పలుకుతుందో.

"పదకొండు రోజులు కాలింది.
కిటికీలకి తడిగుడ్డలు కుక్కుకున్నాం.
నాలుగింటికి మెలకువ వచ్చేది, పాలు తీసే వేళ.
చేతులు వాటంతటవే మూసుకుని తెరుచుకునేవి, ఇదుగో ఇలా."

ముడతల చేతులు రెండూ నా ముందు
మూసుకుని, తెరుచుకుని.
నేను వాటినే చూస్తున్నాను,
అప్పుడు తగిలింది ముక్కుకి.

మాడు.

ఉరికాను. తలుపు తీస్తే పొగ.
కేకు నడుమ బాగానే ఉంది,
అంచులు మాత్రం బొగ్గు.
ఈయన ముందు, ఈ మాట మీద, ఈ వాసనా?
తువ్వాలుతో పిచ్చిదానిలా విసిరాను,
కిటికీ తెరిచాను, చలి దూసుకొచ్చింది.
క్షమించమని ఏ భాషలో అన్నానో గుర్తు లేదు.

బర్కెట్ గారు కదల్లేదు.
కళ్ళు మూసుకుని ఒకసారి పీల్చారు,
ఇంకోసారి.
"అంచు ఇటియ్యి."
"అది మాడిపోయిందండీ."
"తెలుసు. అదే ఇయ్యి."

కరకరమని నమిలారు, చాలాసేపు.
నేను గిన్నె తుడుస్తూనే ఉన్నాను,
అది ఎప్పుడో ఆరిపోయింది.

"అల్లం" అన్నారు చివరికి.
"ఇది అల్లం మాడిన వాసన. అది వేరు."

తర్వాత నడిమి ముక్క తిన్నారు.
తర్వాత, నేను అడక్కుండానే,
"క్లోవర్ అని ఒకతి ఉండేది, దొంగముండ.
నా కోటు జేబులో అల్లం బిస్కెట్టు ఉందంటే
పాలు తీసేదాకా ఆగేది కాదు,
నాలుకతోనే లాగేసేది"
అని నవ్వారు,
ముందు భుజాలతో, ఆ తర్వాతెప్పుడో నోటితో.

హాల్లో ఎవరో క్రిస్మస్ పాట
శ్రుతి తప్పి సాధన చేస్తున్నారు.
ట్రీకిల్ పట్టిన టిన్నుని వేడినీళ్ళలో నానేశాను,
రేపటికి గాని వదలదు.

వెళ్తూ వెళ్తూ
ఇంకో ముక్క కాగితంలో చుట్టి
కోటు జేబులో పెట్టుకున్నారు,
కొస కాస్త బయటికి కనబడేలా.